చిన్నాయన వేసిన అతుకు

వనపర్తిలో మా ఇంటి ముందుగదిలో, చిన్నాయన మంచానికి తలవైపు, ఒక బల్ల ఉంది. దానిమీద రేడియో, రేడియో పక్కన టిఫిన్ డబ్బా కన్నా చిన్నదైన నల్లపెట్టె ఒకటి. ఆ పెట్టెకు ఒకటే మీట, ఒకటే లైటు. మీట నొక్కితే లోపల టకటకమని కాసేపు చప్పుడవుతుంది, ఆ తర్వాత పచ్చ లైటు వెలుగుతుంది. వెలిగిందంటే రేడియోకూ మిద్దెమీది యాంటెనా తీగకూ పొత్తు కుదిరిందని అర్థం. దాన్ని ఆటోమేటిక్ యాంటెనా ట్యూనర్ అంటారు. నేనే ఏరికోరి తెప్పించాను. ఉద్యోగకాలమంతా డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని కదా, ఇందులో నాకు తెలియనిదేముంటుందిలే అనుకున్నాను. ఈ వయసులో నాకు ఏదైనా వస్తువు మీద పగ ఉందంటే అది ఆ పెట్టె మీదే. అది ఏనాడూ చెడిపోలేదు. చెడిపోయినా బాగుండేది.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు, వీరేశం. నాన్న నాకు ఊహ తెలియకముందే పోతే, పిల్లలు లేని చిన్నాయన, చిన్నమ్మ నన్ను గద్వాలలో తమ దగ్గరే పెంచారు. ఆయన మగ్గం నేసేవాడు. మగ్గం దిగితే హామ్ రేడియో. అంటే సినిమా పాటలు వినే రేడియో కాదు. సర్కారు పెట్టిన పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని ఎక్కడో ఉన్న మరో మనిషితో గాలిలో మాట్లాడే రేడియో. చిన్నాయన నోటితో తక్కువ మాట్లాడేవాడు. ఎక్కువగా మోర్స్ మీటనే వాడేవాడు, పొట్టి చప్పుడు, పొడుగు చప్పుడు, అంతే. ఇంగ్లీషు అక్షరాలు ఇరవయ్యారూ ఆయనకు ఆ చప్పుళ్లుగానే తెలుసు. కాగితం మీద చదవమంటే తడుముకునేవాడు, పరీక్ష కోసం ఆరునెలలు కష్టపడ్డాడు.

ఆ ఇల్లు ఇప్పుడు వేరేవాళ్లది. కళ్లు మూసుకుంటే మాత్రం వాసనతో సహా వస్తుంది. పొద్దున్నే చిన్నమ్మ గంజి కాచే వాసన, తడినూలు వాసన, కొత్త పట్టు నుంచి వచ్చే అదో రకం పచ్చివాసన, వీటన్నిటి మధ్యలో టంకం వేసినప్పుడు లేచే గుగ్గిలంలాంటి పొగ. ఇంటికి ఒకటే పొడుగాటి గది. ఒక చివర మగ్గం గుంట, ఇంకో చివర రేడియో బల్ల. చిన్నాయన తానం చేసి, నుదుట మూడు గీతలు ఇబూతి పెట్టుకుని, మగ్గం దిక్కు ఒకసారి చూసి దండం పెట్టి, మగ్గం ఎక్కకుండా బల్ల దగ్గరికి నడిచేవాడు. దాన్ని చూసి చిన్నమ్మ రోజూ ఒకటే మాట అనేది, దండం ఒకామెకు, కాపురం ఇంకొకామెతో అని. అంటూనే ఆయనకు చాయ అక్కడే పెట్టేది. ఏడు గంటలకు లింగాల నుంచి నాగయ్య సారు పిలుపు మొదలయ్యేది. ఆ చప్పుళ్లు ఆగేసరికి జొన్నరొట్టె దింపాలని చిన్నమ్మ లెక్క. ఒక్క అక్షరం తెలియకపోయినా వాళ్లు ఇంకెంతసేపు మాట్లాడతారో ఆమెకు తెలిసిపోయేది. నేను పుంటికూర నంజుకుంటూ వింటూ వింటూ, ఎవరూ నేర్పకుండానే మోర్స్ నేర్చుకున్నాను.

నాగయ్య సారు నల్లమల అంచున లింగాలలో బడిపంతులు. చెల్లెలి పెళ్లికి చీర కొనడానికి గద్వాలకు వచ్చి, మా వీధిలో నడుస్తూ ఒక సాలెవాళ్ల ఇంట్లోంచి మోర్స్ చప్పుడు విని అక్కడే ఆగిపోయాడు. ఆయనకూ అదే పిచ్చి. ఆ రోజంతా ఇద్దరూ బల్ల దగ్గరే కూర్చున్నారు. చివరి బస్సుకు పరిగెత్తిన సారు చీర సంగతే మరిచి ఉత్త చేతులతో ఇంటికి పోయాడు. చిన్నమ్మ ఆ కథను ప్రతి ఏడూ కొత్తగా చెప్పేది, ప్రతిసారీ చీర రంగు మారేది. తర్వాత చిన్నాయనే ఒక చీర నేసి లింగాలకు పట్టుకుపోయి ఇచ్చి వచ్చాడు. ఆనాటి నుంచి, ఒంట్లో బాగుంటే చాలు, పొద్దున ఏడు గంటలకు ఒకరినొకరు పలకరించుకోని రోజు లేదు. మాట్లాడుకునేది ఏమైనా పెద్ద సంగతులా అంటే కాదు. మీ దిక్కు వానపడ్డదా, మా దిక్కు లేదు, మోకాలు ఎట్లుంది, గట్లనే ఉంది. నాకు చిన్నప్పుడు నవ్వొచ్చేది, దీనికోసమా ఇంత తీగ, ఇంత కరెంటు అని.

అప్పుడు ఇట్లాంటి నల్లపెట్టెలు లేవు. ఉన్నా మా ఇంటిదాకా రావు. చిన్నాయన ట్యూనర్ టీపొడి వచ్చిన చెక్కపెట్టెతో చేసింది. పాడైన రేడియోల నుంచి ఊడదీసిన సామాను, ఒక కర్రముక్క మీద తాను చుట్టిన రాగితీగ, ముందర రెండు గుబ్బలు, ఒక సూది. పంపిన శక్తి తీగలోకి ఎక్కకుండా వెనక్కి తిరిగివస్తే సూది లేస్తుంది. రెండు గుబ్బలూ మెల్లగా తిప్పుతూ ఆ సూదిని కిందికి దించాలి. నాకు అర్థంకాకపోతే ఆయన మగ్గం దగ్గరికి తీసుకుపోయి చూపించాడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. పట్టు ఒక తీరు లాగుతది, నూలు ఒక తీరు లాగుతది, రెంటినీ ఒక్క చీరలో కూర్చోబెట్టాలంటే నడుమ ఒక చెయ్యి ఉండాలె, ఆ డబ్బా గా చెయ్యే అన్నాడు. తర్వాత ఎన్నో ఏళ్లు క్లాసుల్లో ఈ పాఠం చెప్పాను గాని అంతకన్నా బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆ గుబ్బల చుట్టూ చీరలకు వాడే రంగుతో చుక్కలు పెట్టి ఉండేవి. పొద్దుటి పిలుపుకు ఎర్రచుక్క. గుబ్బ ఎర్రచుక్క దగ్గర ఆగినప్పుడే సూది పడాలి. ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు నేనే తిప్పుతానని పట్టుబట్టాను. తిప్పాను, సూది చక్కగా పడింది, నేను గెలిచినట్టు ఆయన మొహం చూశాను. ఆయన సూది దిక్కు చూడనే లేదు. గుబ్బ దిక్కు చూశాడు. అది ఎర్రచుక్కకు రెండువేళ్ల దూరంలో ఆగి ఉంది.

“సూది పడ్డదని సంబురపడకు బిడ్డా,” అన్నాడు. “యాడ పడ్డదో సూడు. మిద్దెక్కి తీగ సూసి రాపో.”

ఎక్కి చూస్తే నిజంగానే కోతులు తీగ తెంపాయి. తెగిన తీగకు కూడా ట్యూనర్ పొత్తు కుదురుస్తుందని, కుదిర్చి మనల్ని మాయ చేస్తుందని, నాకు ఆ రోజే తెలిసింది. తెలిసింది అని రాస్తున్నాను గాని, తెలిస్తే ఏం లాభం, అక్కరపడ్డప్పుడు గుర్తుకురాకపోయాక.

తెగినచోట చిన్నాయన వేసిన అతుకు గురించి చెప్పాలి. మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగు పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటే మెలేసి కలపాలి. దాన్ని అచ్చు అతకడం అంటారు. వేళ్లు జారకుండా ఇబూతి అద్దుకుంటారు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రెండు కొసలు పెట్టి ఒక్క రుద్దు రుద్దితే అవి ఒకటవుతాయి. వేల పోగులు అట్లా అతికిన వేళ్లు ఆయనవి. ఇబూతి తే అని ఆయన కేకేస్తే మా ఇంట్లో పూజకు కాదు, పడుగు అతకడానికని అర్థం. ఆ రోజు మిద్దెమీద కూడా ఇబూతి తెమ్మన్నాడు. వేళ్లకు అద్దుకుని, రాగితీగ కొసలు రెంటినీ పోగులను మెలేసినట్టే మెలేసి, పైన పట్టుదారం దగ్గరగా చుట్టి, మైనం పూశాడు. టంకం వేయాలి చిన్నాయనా, పుస్తకంలో రాశారు, ఉత్త మెలిక చిలుము పడుతుంది అన్నాను. రేడియో లోపల వెంట్రుకంత తీగకు కూడా టంకం వేసే మనిషి, బయట తీగ దగ్గరికి వచ్చేసరికి సాలెవాడైపోయాడు. తన అతుకు ఊడిందని ఇంతవరకు ఏ చీరా చెప్పలేదని నవ్వాడు. ఆ నవ్వుకు నేను ఓడిపోయాను. ఇంకో మాట గట్టిగా అని ఉంటే అనుకుంటాను ఇప్పుడు.

చిన్నమ్మ పోయాక ఆయన ఒక్కడే ఉన్నాడు. తర్వాత ఒకరోజు పక్షవాతం కుడిపక్కనూ మాటనూ కలిపి తీసుకుపోయింది. దవాఖాన నుంచి నేరుగా వనపర్తికి, నా దగ్గరికి తెచ్చుకున్నాను. చూసుకోవడానికి పెద్దమందడి నుంచి ఈశ్వరమ్మ వచ్చి మాతోనే ఉంటుంది. ఆయన సామానులో నేను మరిచిపోకుండా తెచ్చినవి రేడియో, మోర్స్ మీట, చుట్టగా చుట్టిన ఆ పాత తీగ. ఇల్లు మూసి ఉన్నన్నాళ్లలో చెక్కపెట్టెను చెదలు తినేశాయి. మా మిద్దె చిన్నది, తీగను నీళ్ల ట్యాంకు చుట్టూ వంచి కట్టాల్సి వచ్చింది. ఏ తీగకైనా, ఎంత వంకరగా ఉన్నా, తానే పొత్తు కుదుర్చుకుంటుందని చెప్పారు కాబట్టే నల్లపెట్టె తెప్పించాను. నాకూ లైసెన్సు ఉంది. మొదటిరోజు ఏడు గంటలకు రేడియో పెడితే నాగయ్య సారు పిలుపు గలగలా వినపడింది. చిన్నాయన కళ్లల్లోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

ఫోను చేయొచ్చు కదా అని మీరంటారు. చేశాను. నాగయ్య సారుకు తొంభై దగ్గర పడుతున్నాయి, మనిషి గొంతు ఆయన చెవికి గొణుగుడు. మోర్స్ చప్పుడు మాత్రం దొరుకుతుంది. ఆయన కూతురు అనసూయ సంగతంతా కాగితం మీద రాసి చూపించిందట. ఆయన చదివి, తల ఊపి, మర్నాడు మళ్లీ ఏడింటికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడట. మాటలు పోతే పోనీ, వీరేశం ఎడమచేత్తో ఒక్కసారి మీట నొక్కితే చాలు, వాడి చెయ్యి నేను గుర్తుపడతాను అన్నాడని అనసూయ చెప్పింది. మోర్స్‌లో అది నిజమే, దస్తూరీని గుర్తుపట్టినట్టు చేతిని గుర్తుపడతారు. నాకు ఇక వేరే పని లేకపోయింది. ఈ ఇద్దరు ముసలివాళ్లలో ఎవరో ఒకరు పోయేలోపు చిన్నాయన చెయ్యి ఒక్కసారి లింగాల చేరాలి. అంతే నేను కోరుకున్నది.

రోజూ ఏడింటికి ఈశ్వరమ్మ దిండ్లు పెట్టి ఆయన్ను కూర్చోబెట్టేది. నేను నల్లపెట్టె మీట నొక్కేదాన్ని, టకటకమనేది, పచ్చ లైటు వెలిగేది. ఆయన ఎడమచేతి కింద మోర్స్ మీట పెట్టేదాన్ని. ఆయన నొక్కేవాడు. అందులో అక్షరాలేమీ ఉండవు, నేను ఎంతో ఆశగా వెతికాను, లేవు. ఒక పొడుగు చప్పుడు, ఒక వణుకు, అలసట. నొక్కి, ఊపిరి బిగబట్టి వినేవాడు. అవతల నాగయ్య సారు ఏమీ విననట్టే ఆయన్ను పేరుపెట్టి మళ్లీ పిలిచేవాడు. నేను కూడా కొట్టి చూశాను. నా పిలుపూ ఆయనకు అందలేదు. వాతావరణం అనుకున్నాను, సారు చెవులు పూర్తిగా పోయాయనుకున్నాను. తీగ అనుకోలేదు. పచ్చ లైటు వెలుగుతోంది కదా.

ఇదంతా జరుగుతున్నప్పుడు చిన్నాయన ఒక పని చేసేవాడు. జవాబు రాకపోయేసరికి, పచ్చ లైటు వెలుగుతుండగానే మోర్స్ మీట వదిలేసి, ఎడమచేతి బొటనవేలు చూపుడువేలికి రుద్దేవాడు. రుద్ది, పైకప్పు దిక్కు చూసేవాడు. మళ్లీ రుద్దేవాడు.

“అమ్మా, పెద్దాయన ఇబూతి అడుగుతుండు,” అంది ఈశ్వరమ్మ. “పైకి సూస్తుండు జూడు, దేవుణ్ని యాదిజేస్తుండు.”

నాకూ అట్లాగే తోచింది. దేవుడి గూట్లోంచి ఇబూతి తెచ్చి ఆయన నుదుట మూడు గీతలు పెట్టాను. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. మర్నాడు మళ్లీ వేళ్లు రుద్దాడు, మళ్లీ పెట్టాను. మూడోరోజు మంచిచేత్తో నా చెయ్యి విసిరికొట్టాడు, డబ్బా పడి ఇబూతంతా పక్కమీద పోయింది. ఆయన ఏడ్చాడు. రోగమున్న మనిషికి చిరాకు ఎక్కువని నేను ఈశ్వరమ్మకు నచ్చజెప్పాను. ఆ పొద్దు ఆయన మొహం తలుచుకుంటే ఇప్పటికీ ఏ పనీ చేయబుద్ధి కాదు. ఆయన చెప్పగలిగిన ఒకే ఒక్క మాట అది. అది ఈ భూమ్మీద అర్థం కావలసిన మనిషిని నేనొక్కదాన్నే. నేను దాన్ని తీసుకుపోయి ఆయన నుదుటికే పూశాను.

అట్లా నెల దాటింది. ఒక సోమవారం నాగయ్య సారు పిలుపు రాలేదు. మంగళవారమూ రాలేదు. ఆ మధ్యాహ్నం ఈశ్వరమ్మ గడప దగ్గర కూర్చుని దీపాలకు వత్తులు చేస్తోంది. పక్కన మూతలో ఇబూతి. వేళ్లకు అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పత్తి పెట్టి, ఒక్క రుద్దు. మళ్లీ అద్దుకుని ఇంకో రుద్దు. నేను చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి మిద్దె మెట్లు ఎక్కాను.

అతుకు ట్యాంకు దగ్గరే ఉంది, ఇంట్లోకి దిగే తీగకు రెండు మూరల దూరంలో. పైకి చెక్కుచెదరలేదు. పట్టుదారం గట్టిగా ఉంది, మైనం నల్లబడింది, తీగ బిగుతుగా నిలబడి ఉంది. దారం విప్పితే లోపల రాగి పచ్చగా చిలుముపట్టి పొడైపోయి, నా వేళ్లకు అంటింది. ఇన్నాళ్లూ తీగను మోస్తున్నది ఆ పట్టుదారం ఒక్కటే. ఆ రెండు మూరల ముక్కకే నల్లపెట్టె రోజూ పొత్తు కుదిర్చి, పచ్చ లైటు వెలిగించింది. లింగాల నుంచి వచ్చే పిలుపు వినడానికి ఆ ముక్క చాలు, మన పిలుపు లింగాల పోవడానికి చాలదు. గుబ్బ ఉండి ఉంటే, ఎర్రచుక్క ఉండి ఉంటే, మొదటిరోజే తెలిసేది. పెట్టెకు గుబ్బ లేదు. సూది యాడ పడ్డదో అది చెప్పదు, పడ్డదని మాత్రం చెబుతుంది.

అదే పూట టంకం వేశాను. కిందికొచ్చి, చిలుము అంటిన వేళ్లు చిన్నాయనకు చూపించి, ఇబూతి అద్దుకుని ఆయన ముందర బొటనవేలు చూపుడువేలికి రుద్దాను. ఆయన నా చేతిని అట్లాగే పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మర్నాడు పొద్దున ఏడింటికి ఆయన ఎన్నడూ లేనంత బలంగా మీట నొక్కాడు. పొడుగు, పొట్టి, పొడుగు. ఇక చెప్పు అని అవతలివాళ్లను అడిగే అక్షరం అది. ఈసారి వణుకు కాదు, అక్షరం. నేను కళ్లారా చూశాను, చెవులారా విన్నాను. అవతల ఏమీ లేదు, ఉత్త గాలి హోరు.

తొమ్మిదింటికి అనసూయకు ఫోన్ చేశాను. నాగయ్య సారు ఆదివారం పొద్దుగూకేముందు పోయారట. మీ చిన్నాయన గిట్లున్నడు, మీకెట్ల చెప్పాల్నో తెల్వక ఊకున్న అక్కా, అంది. నేను అడగకూడనిది అడిగాను, మేము పలకడం లేదని సారు బాధపడ్డారా అని.

“లేదక్కా. నాయిన ఒక్కనాడు కూడ కోపం జెయ్యలే,” అంది. “వీరేశం కొడుతనే ఉంటడు, వాని తీగ యాడనో తెగింది అనుకుంట కూసునేటోడు. మీకు చెప్పుమన్నడు. పెద్దమనిషి మాట, మేడం చదువుకున్నామె, ఆమెకు తెల్వదా అని నేనే చెప్పలే.”

నాకు తెలియలేదు కదా.

గద్వాల ఇంట్లో తీగ తెగితే గుబ్బ చెప్పేది, గుబ్బ చెప్పకపోతే చిన్నాయన చెప్పేవాడు, ఆయన చెప్తే నేను మిద్దె ఎక్కేదాన్ని. రొట్టె దింపేలోపు అంతా సర్దుకునేది. వానపడ్డదా, మోకాలెట్లుంది అనే ఆ మాటలకు నవ్వినదాన్ని, ఇప్పుడు అందులో ఒక్క మాట కోసం రోజూ ఏడింటికి కూర్చుంటున్నాను. తీగ బాగుంది. ఆ టంకం నా తర్వాత కూడా ఉంటుంది. పచ్చ లైటు ఇప్పుడు నిజమే చెబుతోంది. సారు లేడన్న మాట మాత్రం చిన్నాయనకు చెప్పలేదు. చెప్పాలని రోజూ మంచం పక్కన కూర్చుంటాను, నోరు తెరుస్తాను, ఆయన అప్పటికే మీట కోసం చెయ్యి చాపుతాడు.

నొక్కుతాడు. వింటాడు. అవతలి నుంచి ఏమీ రాదు. కొంతసేపు చూసి, మీట వదిలి, పైకప్పు దిక్కు చూస్తూ బొటనవేలు చూపుడువేలికి రుద్దుతాడు. తీగ మళ్లీ తెగింది, అతుకు అంటున్నాడు. ఇప్పుడు ఆ మాట నాకు చక్కగా అర్థమవుతోంది. సరే చిన్నాయనా అని ఇబూతి డబ్బా తీసుకుని మిద్దె ఎక్కుతాను. తెగని తీగను పట్టుకుని, అతకడానికి పట్టేటంతసేపు ట్యాంకు పక్కన నిలబడి, దిగి వస్తాను.